నీడ అంచు, నీడ సైజు: ఎక్స్‌రేలో తేడా ఎక్కడ వస్తుంది?

ఐసీయూలో బెడ్ దగ్గరికే మిషన్ తెచ్చి తీసిన ఛాతీ ఎక్స్‌రేలో గుండె పెద్దదిగా కనిపించిందంటే ఇంటిల్లిపాదికీ టెన్షన్ మొదలవుతుంది. పేషెంట్ కాస్త కోలుకుని, ఎక్స్‌రే గదికి నడిచి వెళ్లి, నిలబడి తీయించుకున్న ఫిల్ములో అదే గుండె మామూలు సైజులో ఉంటుంది. మందులు బాగా పనిచేశాయని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. మందులు నిజంగానే పనిచేసి ఉండవచ్చు. కానీ చాలాసార్లు మారింది గుండె కాదు, ఎక్స్‌రే తీసిన తీరు.

ఎక్స్‌రేని ఫొటో అనుకోవడం దగ్గరే తికమక మొదలవుతుంది. కెమెరాలో లెన్స్ ఉంటుంది, వెలుగును ఒకచోటికి చేర్చి బొమ్మ కడుతుంది. ఆసుపత్రి ఎక్స్‌రే మిషన్‌లో అలాంటిదేమీ లేదు. ట్యూబ్‌లో ఒక చిన్న చోట పుట్టిన కిరణాలు విచ్చుకుంటూ వచ్చి, ఒంట్లోంచి దూసుకుపోయి, వెనకున్న డిటెక్టర్ మీద నీడ వేస్తాయి. కాబట్టి నీడకు ఉండే లోపాలన్నీ ఎక్స్‌రేకీ ఉంటాయి. అంచు చెదిరి మసకగా కనిపించడం ఒకటి, సైజూ ఆకారమూ మారిపోవడం ఇంకొకటి. ఈ రెండూ చాలావరకు కిరణాలు డిటెక్టర్‌ను తాకేలోపే జరిగిపోతాయి. ‘ఇచ్చట డిజిటల్ ఎక్స్‌రే తీయబడును’ అన్న బోర్డు చూసి చిత్రం తప్పకుండా బాగా వస్తుందనుకునేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు. డిజిటల్ ప్యానెల్ తన మీద పడిన నీడను నమ్మకంగా రాసుకుంటుంది. నీడే చెదిరి ఉంటే, ఆ చెదిరిన నీడనే అంతే నమ్మకంగా రాసుకుంటుంది.

ముందు సైజు సంగతి. కిరణాలు విచ్చుకుంటూ వస్తాయి కనుక నీడ ఎప్పుడూ అసలు వస్తువు కంటే పెద్దదే. ట్యూబ్ నుంచి డిటెక్టర్‌కు ఉన్న దూరాన్ని ట్యూబ్ నుంచి అవయవానికి ఉన్న దూరంతో భాగిస్తే, నీడ ఎన్ని రెట్లు పెరిగిందో తెలిసిపోతుంది. మామూలు ఛాతీ ఎక్స్‌రేలో పేషెంట్ రొమ్మును స్టాండుకు ఆనించి నిలబడతాడు, ట్యూబ్ వీపు వెనక 180 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. టెక్నీషియన్లు ‘సిక్స్ ఫీట్’ అనేది దీన్నే. గుండె ఛాతీలో ముందువైపు ఉంటుంది కనుక అది డిటెక్టర్‌కు దగ్గరగా వస్తుంది. ఉదాహరణకు ఒకరి గుండె వెడల్పు 13.5 సెంటీమీటర్లు, అది డిటెక్టర్‌కు 8 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. 180ని 172తో భాగిస్తే 1.05. నీడ 14.1 సెంటీమీటర్లు పడుతుంది. 28 సెంటీమీటర్ల వెడల్పున్న పక్కటెముకల గూడు, 12 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, 30 సెంటీమీటర్లుగా పడుతుంది. గుండె వాటా 47 శాతం. పెద్దవాళ్లలో ఇది 50 శాతం దాటకపోతే మామూలుగానే ఉన్నట్టు లెక్క.

అదే మనిషి మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ప్లేటు వీపు కింద ఉంది, ట్యూబ్ పైన 100 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. ఇప్పుడు గుండె ప్లేటుకు దూరమై ట్యూబ్‌కు దగ్గరైంది. ప్లేటుకూ గుండెకూ మధ్య 16 సెంటీమీటర్లు ఉంటే, 100ని 84తో భాగించాలి. 1.19 రెట్లు. గుండె నీడ 16 సెంటీమీటర్లు దాటుతుంది, ఎముకల గూడు నీడ 31.8 దగ్గర ఆగుతుంది. వాటా 50.5 శాతం. గుండెలో ఏ మార్పూ లేకుండానే గీత దాటేసింది. ఇది కేవలం దూరాల లెక్క. దీనికి తోడు పడుకున్న మనిషి లోతుగా ఊపిరి తీయలేడు, ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే డయాఫ్రమ్ కండరం పైకి తోసుకొస్తుంది, గుండె అడ్డంగా పరుచుకున్నట్టు కనిపిస్తుంది. అందుకే అనుభవమున్న రేడియాలజిస్టు బెడ్ దగ్గర తీసిన ఫిల్ము చూసి గుండె సైజు గురించి తొందరపడి తీర్పు ఇవ్వరు. ఫిల్ము మూల ‘ఏపీ’, ‘పీఏ’ అని గుర్తు వేయడంలో ఉన్న అవసరం ఇదే: కిరణాలు ముందు నుంచి వెనక్కి వెళ్లాయా, వెనక నుంచి ముందుకు వచ్చాయా అన్నది తెలియకపోతే సైజు గురించి మాట్లాడే వీల్లేదు. పక్క నుంచి ఛాతీ తీసేటప్పుడు ప్రత్యేకంగా అడగకపోతే ఎడమ పక్కనే ప్లేటుకు ఆనించడం కూడా గుండె ఆ వైపు ఉన్నందుకే.

అంచు మసకబారడం దీనికంటే కొంచెం చిక్కైన వ్యవహారం. ఫోన్ టార్చి వెలుగులో గోడ మీద పడే చెయ్యి నీడకు అంచు కచ్చితంగా ఉంటుంది, అదే చెయ్యి ట్యూబ్‌లైట్ వెలుగులో పెడితే నీడ చుట్టూ బూడిదరంగు పట్టీ ఒకటి వస్తుంది. వెలుగు పుట్టే చోటు ఎంత పెద్దదైతే ఆ పట్టీ అంత వెడల్పు. ఎక్స్‌రే ట్యూబ్‌లో కిరణాలు పుట్టే ఆ చోటును ఫోకల్ స్పాట్ అంటారు. అది సూదిమొనంత చుక్కగా ఉంటే గొడవే లేదు. కానీ వేడి ఉంది. ఫిలమెంట్ నుంచి దూసుకొచ్చిన ఎలక్ట్రాన్లు టంగ్‌స్టన్ పలకను ఢీకొన్నప్పుడు వాటి శక్తిలో 99 శాతానికి పైగా వేడిగానే పోతుంది, మిగిలిన పిసరే ఎక్స్‌రే. టంగ్‌స్టన్ కరిగేది దాదాపు 3,400 డిగ్రీల సెల్సియస్ దగ్గర. ఆ వేడినంతా ఒక చుక్క మీద కుమ్మరిస్తే పలక గుంటపడుతుంది.

అందుకే పలకను తిప్పుతారు, ఏటవాలుగా కూడా కోస్తారు. ఈ ఏటవాలు చేసే పని గమ్మత్తైనది. 12 డిగ్రీల కోణంలో కోసిన పలక మీద ఎలక్ట్రాన్లు దాదాపు 6 మిల్లీమీటర్ల పొడవున్న పట్టీ మీద పడినా, పేషెంట్ వైపు నుంచి చూస్తే ఆ పట్టీ కుదించుకుపోయి 1.2 మిల్లీమీటర్లుగానే కనిపిస్తుంది. వేడి 6 మిల్లీమీటర్ల మీద సర్దుకుంటుంది, నీడ 1.2 మిల్లీమీటర్ల చుక్క నుంచి వచ్చినట్టు పడుతుంది. అయితే ఈ కుదింపు చూసే దిక్కును బట్టి మారుతుంది. ఆనోడ్ (పలక ఉన్న) వైపు ఇంకా చిన్నదిగా, క్యాథోడ్ (ఫిలమెంట్ ఉన్న) వైపు కొంచెం పెద్దదిగా కనిపిస్తుంది. అంటే ఒకే ఫిల్ములో రెండు చివర్లా స్పష్టత ఒక్కలా ఉండదు. పొడవాటి ఎముకల ఫిల్ముల్లో తప్ప ఇది కంటికి పెద్దగా తెలియదు.

ఆసుపత్రుల్లో మామూలు ట్యూబుల్లో సాధారణంగా రెండు ఫిలమెంట్లు ఉంటాయి. చిన్నది 0.6, పెద్దది 1.2 మిల్లీమీటర్లు. వేళ్లు, మణికట్టు, పాదం లాంటి వాటికి చిన్నది, ఛాతీకీ నడుముకీ పెద్దది. చేతికి తీస్తూ పెద్ద ఫోకస్ మీదే వదిలేయడం హడావుడి ఓపీల్లో జరిగేదే. ఇంకో మాట: ట్యూబ్ మీద రాసిన అంకె కొలిచిన అంకె కాదు. 0.8 మిల్లీమీటర్ల కంటే చిన్న ఫోకల్ స్పాట్ చెప్పినదానికంటే 50 శాతం దాకా పెద్దదిగా ఉన్నా పరిశ్రమ ప్రమాణాలు ఒప్పుకుంటాయి. అంటే 0.6 అని రాసి ఉన్నది 0.9 అయినా తప్పు పట్టలేం. కరెంట్ పెంచుతున్న కొద్దీ అది ఇంకాస్త ఉబ్బుతుంది.

ఫోకల్ స్పాట్ వల్ల వచ్చే మసక ఎంతన్నది లెక్క కట్టడం తేలికే. స్పాట్ సైజును అవయవానికీ డిటెక్టర్‌కూ మధ్య దూరంతో గుణించి, ట్యూబ్‌కూ అవయవానికీ మధ్య దూరంతో భాగించాలి. 1.2 మిల్లీమీటర్ల స్పాట్, ట్యూబ్ 100 సెంటీమీటర్ల దూరంలో, అవయవం డిటెక్టర్‌కు 20 సెంటీమీటర్ల దూరంలో ఉంటే మసక పట్టీ 0.3 మిల్లీమీటర్లు. అదే అవయవాన్ని డిటెక్టర్‌కు 5 సెంటీమీటర్ల దాకా దగ్గరికి తెస్తే 0.06. ఎక్స్‌రే గదిలో ‘ఇంకా దగ్గరికి ఆనుకోండి’ అని టెక్నీషియన్ పదేపదే చెప్పడం విసిగించడానికి కాదు. స్పష్టతకు అంతకంటే చవకైన మార్గం ఇంకోటి లేదు.

అవయవం దగ్గరికి రాకపోతే ట్యూబ్‌నైనా దూరం జరపవచ్చు. పై ఉదాహరణలోనే ట్యూబ్‌ను 180 సెంటీమీటర్లకు జరిపితే 0.3 కాస్తా 0.15 అవుతుంది. మరి అన్ని ఎక్స్‌రేలూ ఆరడుగుల నుంచే ఎందుకు తీయరు? దూరం పెరిగితే కిరణాల బలం దూరపు వర్గం లెక్కన తగ్గిపోతుంది. 100 నుంచి 180కి వెళితే ఫిల్ము మీద అదే నలుపు రావడానికి దాదాపు మూడుంపావు రెట్ల కిరణాలు కావాలి. ఆ ఎక్కువను కరెంట్ రూపంలో ఇస్తే చిన్న ఫోకస్ తట్టుకోలేదు, పెద్దదానికి మారాలి. సమయం రూపంలో ఇస్తే పేషెంట్ కదులుతాడు. ఒకచోట మసక తగ్గిస్తే ఇంకోచోట తేలుతుంది. రేడియోగ్రాఫర్ రోజంతా చేసేది ఈ బేరమే. ఛాతీకి 110 నుంచి 125 కిలోవోల్టుల దాకా పెంచి తీయడం వెనక కూడా ఇదే ఉంది: వోల్టేజి ఎక్కువైతే కిరణాలు తేలిగ్గా దాటుకుపోతాయి, ఎక్స్‌పోజర్ కొన్ని మిల్లీసెకన్లలో ముగిసిపోతుంది, గుండె కొట్టుకోవడం అంచులను చెరపదు.

కదలిక అనేది మొదటి ఎక్స్‌రేల నాటి నుంచీ ఉన్న గొడవ. 1895 డిసెంబర్ 22న, ఎక్స్‌రేలను కనిపెట్టిన విల్‌హెల్మ్ రాంట్‌జెన్ జర్మనీలోని వూర్ట్స్‌బర్గ్‌లో తన భార్య బెర్తా చేతిని తీసినప్పుడు ఆవిడ పావుగంట పాటు కదలకుండా కూర్చోవాల్సి వచ్చింది. ఉంగరంతో ఉన్న ఆ చిత్రంలో ఎముకల అంచులు చెదిరి కనిపిస్తాయి. నెల తర్వాత, 1896 జనవరి 23న, సభలో అందరి ముందు అనాటమీ ప్రొఫెసర్ కోలికర్ చేతిని తీసిన చిత్రం దానికంటే చాలా మెరుగ్గా ఉంటుంది.

ఇవన్నీ కలిసినప్పుడు ఏం జరుగుతుందన్నదే అసలు విషయం. మసకలు ఒకదానిపై ఒకటి నేరుగా కూడుకోవు. ఒక్కోదాన్ని వర్గం చేసి, కలిపి, వర్గమూలం తీస్తే వచ్చేది దాదాపుగా మొత్తం మసక. ఫోకల్ స్పాట్ వల్ల 0.15, డిటెక్టర్ వల్ల 0.15, వణికే చెయ్యి సెకనుకు 5 మిల్లీమీటర్లు కదులుతుండగా 0.1 సెకను ఎక్స్‌పోజర్ ఇచ్చినందుకు 0.5 మిల్లీమీటర్లు అనుకుందాం. మొత్తం 0.54. ఇప్పుడు లక్షలు పోసి రెండింతలు మెరుగైన డిటెక్టర్ కొన్నారు, దాని వాటా 0.075కు దిగింది. మొత్తం 0.53. ఆ లక్షలకు దక్కింది మిల్లీమీటర్లో నూరో వంతు. డిటెక్టర్‌ను ముట్టుకోకుండా ఎక్స్‌పోజర్‌ను 0.02 సెకన్లకు తగ్గిస్తే మొత్తం 0.23కు పడిపోతుంది. అన్నింటికంటే పెద్ద మసక ఏదో అదే చిత్రాన్ని శాసిస్తుంది, మిగతావాటి మీద పెట్టిన ఖర్చు కంటికి కనిపించదు.

ఊపిరి బిగబట్టమని చెప్పడం ఈ లెక్కలో ఉచితంగా వచ్చే లాభం. కానీ ‘ఊపిరి పీల్చండి, ఆపండి’ అని చెప్పిన మరుక్షణం బటన్ నొక్కితే లాభం లేదు. వయసు మీద పడ్డవాళ్లకు ఆ మాట చెవినపడి, అర్థమై, ఊపిరి ఆగేసరికి ఒకట్రెండు సెకన్లు పడుతుంది. ముందు ఒకసారి రిహార్సల్ చేయించి తీసిన ఫిల్ముకూ చేయించకుండా తీసినదానికీ తేడా డయాఫ్రమ్ అంచులో తెలిసిపోతుంది. 2024 డిసెంబర్ 7న దేశంలో మొదలైన వంద రోజుల క్షయ నిర్మూలన కార్యక్రమంలో చేత్తో పట్టుకెళ్లే ఎక్స్‌రే మిషన్లను ఊళ్లలోకి తీసుకెళ్లారు. బ్యాటరీతో నడిచే చిన్న ట్యూబులకు పెద్ద మిషన్లంత కరెంట్ ఉండదు, కనుక అక్కడ పేషెంట్ కదలకుండా ఉండటం, దూరం సరిగ్గా పెట్టుకోవడం ఆసుపత్రిలో కంటే ముఖ్యమవుతాయి.

కావాలని మసక తెచ్చుకునే సందర్భాలూ ఉన్నాయి. వెన్నుపూసను పక్క నుంచి తీసేటప్పుడు పక్కటెముకలు అడ్డొస్తాయి. అప్పుడు పేషెంట్‌ను మెల్లగా ఊపిరి పీలుస్తూ ఉండమని, ఎక్స్‌పోజర్ రెండు మూడు సెకన్లు సాగదీస్తారు. కదిలే పక్కటెముకలు చెదిరిపోతాయి, కదలని వెన్ను నిలబడుతుంది. రొమ్ము క్యాన్సర్ అనుమానంతో చేసే మాగ్నిఫికేషన్ మామోగ్రామ్‌లో ఇంకో పద్ధతి. అక్కడ రొమ్మును కావాలనే డిటెక్టర్‌కు ఎత్తులో పెట్టి నీడను ఒకటిన్నర నుంచి రెండు రెట్లు పెంచుతారు. మామూలు స్పాట్‌తో అలా చేస్తే సన్నటి సున్నపు చుక్కలు మసకలో కలిసిపోతాయి. అందుకే దానికి 0.1 మిల్లీమీటర్ల స్పాట్ వాడతారు.

డిటెక్టర్ గురించి చెప్పాల్సింది లేకపోలేదు. పిక్సెల్ 0.15 మిల్లీమీటర్లుంటే మిల్లీమీటరుకు మూడు జతల గీతలకు (ఒక నల్లగీత, ఒక తెల్లగీత కలిపి ఒక జత) మించి విడిగా చూపడం ప్యానెల్‌కు సాధ్యం కాదు. సన్నని వివరాల వరకే చూస్తే పాత ఫిల్ముదే పైచేయి. మామోగ్రఫీ ఫిల్ము మిల్లీమీటరుకు 15 జతలు దాటి చూపించేది. డిజిటల్ గెలిచింది వేరేచోట: ఎక్స్‌పోజర్ కాస్త అటూ ఇటూ అయినా చిత్రం పాడవదు, నలుపు తెలుపులను తర్వాత సర్దుకోవచ్చు. లావుగా ఉన్నవాళ్ల పొట్ట ఎక్స్‌రే బూడిద పూసినట్టు ఉంటే దాన్నీ మసకే అంటుంటారు, కానీ అది ఒంట్లో చెదిరిన కిరణాల వల్ల కాంట్రాస్ట్ తగ్గడం. దానికి మందు గ్రిడ్డు (చెదిరిన కిరణాలను అడ్డుకునే జల్లెడ లాంటి పలక), కిరణాల పరిధిని కుదించడం. ఫోకల్ స్పాట్ మార్చి ప్రయోజనం లేదు.

సాఫ్ట్‌వేర్‌లో అంచులకు పదును పెట్టే సౌకర్యం ఒకటుంది, దాంతో జాగ్రత్త అవసరం. అది పోయిన వివరాన్ని తిరిగి తేలేదు, ఉన్న అంచుకు రెండువైపులా తేడాను ఎక్కువచేసి చూపిస్తుంది. మోకాలి మార్పిడి చేయించుకున్నవాళ్ల ఎక్స్‌రేలో పదును అతిగా పెడితే లోహం చుట్టూ సన్నటి నల్లగీత వస్తుంది. కీలు వదులైనా, ఇన్ఫెక్షన్ వచ్చినా కనిపించే గీత అచ్చం అలాగే ఉంటుంది. ఆ అనుమానం వస్తే పదును తగ్గించి మళ్లీ చూడాలి, ఎముక దగ్గర నిజంగా ఖాళీ ఉంటే గీత అప్పుడూ ఉంటుంది.

ఇక ఆకారం. పల్చటి వస్తువు డిటెక్టర్‌కు సమాంతరంగా ఉంటే నీడ అంతటా ఒకే లెక్కన పెరుగుతుంది, ఆకారం చెడదు. వస్తువు ఏటవాలుగా ఉన్నా, కిరణం ఏటవాలుగా వచ్చినా కుదించుకుపోవడమో సాగిపోవడమో జరుగుతుంది. ఇది అందరికంటే బాగా తెలిసింది దంతవైద్యులకు. నోట్లో పెట్టే చిన్న ఫిల్ము పంటికి సమాంతరంగా నిలబడదు, అంగిలి అడ్డొచ్చి వాలుతుంది. ట్యూబ్ కోణం మరీ నిటారుగా పైనుంచి వస్తే పన్ను పొట్టిగా పడుతుంది, కోణం తగ్గితే వేరు సాగి పొడుగ్గా పడుతుంది. రూట్ కెనాల్ చేసేటప్పుడు ఆ పొడవునే నమ్మి పరికరం దించితే వేరు చివర దాటిపోవచ్చు, లేదా కొస దాకా శుభ్రం కాకపోవచ్చు. అందుకే ఫిల్మును పంటికి సమాంతరంగా పట్టుకునే హోల్డర్లు వచ్చాయి, విద్యుత్‌తో వేరు కొసను పసిగట్టే పరికరాన్నీ తోడు వాడతారు. దవడ మొత్తం తీసే ఓపీజీలో ఇంకో రకం మార్పు: తల కాస్త ముందుకు జరిగితే ముందుపళ్లు సన్నగా, వెనక్కి జరిగితే వెడల్పుగా వస్తాయి.

సాగదీయడం కూడా కొన్నిసార్లు పనికొస్తుంది. చెయ్యి ఆనించి కిందపడ్డవాళ్లకు మణికట్టులో విరిగే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక మామూలు వ్యూలో వాలి ఉండి పొట్టిగా కనిపిస్తుంది, పగులు దాగిపోతుంది. చేతిని చిటికెన వేలి వైపు వంచి తీస్తే ఎముక నిలువుగా సాగి పగులు బయటపడుతుంది. కిరణం పగులు వెంబడి వెళితేనే గీత కనిపిస్తుంది కనుక, ఏ ఎముకకైనా కనీసం రెండు దిక్కుల నుంచి తీయాలంటారు. ‘ఒక్కటి చాలు’ అని డబ్బు మిగుల్చుకోవడం ఇక్కడ తప్పు పొదుపు.

సైజు విషయంలో మరో మెలిక ఫిల్ము ప్రింట్ దగ్గర ఉంది. పాత రోజుల్లో ఫిల్ము మీద ఉన్నది నీడ అసలు సైజు. ఇప్పుడు రెండు మూడు వ్యూలను కుదించి ఒకే షీటు మీద ప్రింట్ చేస్తున్నారు. దాని మీద స్కేలు పెట్టి కొలిస్తే వచ్చే అంకెకు అర్థం లేదు. ఆ షీటును కిటికీకి అడ్డంగా పట్టుకుని ఫోన్‌తో ఫొటో తీసి, హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న డాక్టర్ బంధువుకు వాట్సాప్‌లో పంపితే ఫోన్ వంపు, లెన్స్ వంపు, కుదింపు అదనంగా చేరతాయి. పెద్ద ఫ్రాక్చర్ తెలియవచ్చు, సన్నటి పగులు మీద అభిప్రాయం అడగడం మాత్రం ఆ డాక్టర్‌ను ఇబ్బంది పెట్టడమే. సెంటర్లో అడిగితే అసలు డిజిటల్ ఫైల్‌ను సీడీలోనో లింకుగానో ఇస్తారు.

కొలత నిజంగా కావాల్సిన చోట ఏం చేస్తారన్నది తుంటి మార్పిడి ఆపరేషన్ల దగ్గర చూడవచ్చు. ఇంప్లాంట్ సైజు ముందే అంచనా వేయడానికి 25 మిల్లీమీటర్ల లోహపు బంతిని తుంటి కీలు ఎత్తులో, కాళ్ల మధ్య పెట్టి ఎక్స్‌రే తీస్తారు. నీడలో బంతి 29.5 మిల్లీమీటర్లుగా పడితే, చిత్రం 1.18 రెట్లు పెరిగిందని సాఫ్ట్‌వేర్ తెలుసుకుని కీలును ఆ మేరకు తగ్గించి కొలుస్తుంది. బంతి జారి టేబుల్ మీదికి దిగిందంటే అది డిటెక్టర్‌కు దగ్గరవుతుంది, 1.07 రెట్లే పెరుగుతుంది. కీలు మాత్రం అంతకుముందున్న ఎత్తులోనే ఉంది. 50 మిల్లీమీటర్ల కీలు 59గా పడితే, 1.07తో భాగించి అది 55 అని చెబుతుంది. కీలు గుంటలో అమర్చే కప్పులు 2 మిల్లీమీటర్ల తేడాతో వస్తాయి కనుక ఇది రెండు సైజులకు పైగా తప్పు. లావుగా ఉన్నవాళ్లలో కీలు ఎత్తు చేత్తో తడిమి పోల్చుకోవడం కష్టం, బంతి ఎక్కువగా తప్పేది వాళ్లలోనే. సర్జన్లు ఆపరేషన్ థియేటర్‌లోకి అనుకున్న సైజుతో పాటు దానికి పైనా కిందా ఉన్న సైజులు కూడా తెప్పించి పెట్టుకుంటారు.